తొందరా వద్దు... మరుపూ వద్దు!

మన ఇళ్లల్లో 'గ్యాస్' అనే మాటకున్నంత పలుకుబడి ఇంకే జబ్బుకీ లేదు. గుండెల్లో మంటగా ఉన్నా గ్యాసే, నడుం పట్టేసినా గ్యాసే, అన్నం సయించకపోయినా గ్యాసే. అందులోనూ నొప్పి అన్నది ఆడమనిషి అయితే చాలు, ఇంట్లో ఉన్నవాళ్లంతా డాక్టర్లయిపోతారు. "టైముకి తినవు కదా", "నిన్నటి పప్పు వేడి చేసుకుని తిన్నావేమో", "సోడా తాగి కాసేపు పడుకో" అని తలా ఒక మందూ చెబుతారు. మనమూ తక్కువేం కాదు. ఆయనకి తుమ్మొస్తే మిరియాల రసం పెట్టే మనం, మన నొప్పికి మాత్రం గ్లాసుడు వాము నీళ్లు తాగేసి మిగిలిన గిన్నెలు తోముకుంటాం.

ఈ గ్యాసు చాటున దాక్కుని వచ్చే జబ్బు ఒకటుంది. పాంక్రియాటైటిస్, అంటే క్లోమ గ్రంథి వాపు. ముదిరితే ఆ గ్రంథి చుట్టూ నీరు, చీము, కుళ్లిన కండ గూడు కడతాయి. దాన్ని ఇప్పుడు పొట్ట కోయకుండా, నోటి ద్వారా గొట్టం పంపి, లోపల చిన్న స్టెంటు పెట్టి బయటకు తీసేస్తున్నారు. మంచి వైద్యం. అందులో మన హైదరాబాదుకి ప్రపంచంలో పేరుంది కూడా. అయితే ఈ వైద్యంలో మందుల కంటే, మిషన్ల కంటే ముఖ్యమైంది ఒకటుందని నా గట్టి అభిప్రాయం. అది తేదీ! ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి అన్న లెక్క. ఆ లెక్క రోగి చేతిలో ఉండటం లేదు. రోగి ఆడమనిషైతే అసలే ఉండటం లేదు. నా బాధంతా అదే.

నేను డాక్టర్ని కాను. జల్‌పల్లిలో ఉంటూ పిల్లలకి పాఠాలు చెప్పుకునేదాన్ని. ఇంగ్లీషు చదవడం వచ్చు కాబట్టి మా వీధిలో ఎవరికి ఆస్పత్రి కాగితాలొచ్చినా మా ఇంటికే వస్తాయి. తోడు రమ్మంటే ఉస్మానియాకో, నిమ్స్‌కో, ప్రైవేటు ఆస్పత్రికో వెళ్తుంటాను. అలా ఫైళ్లు చదివీ చదివీ, డాక్టర్లని అడిగీ అడిగీ తెలుసుకున్న సంగతులివి.

అసలీ క్లోమం ఏం చేస్తుంది?

పొట్ట వెనకాల, వెన్నెముకకి ముందు, అడ్డంగా పడుకుని ఉంటుంది క్లోమం. పొడవు 15 సెంటీమీటర్లకి అటూ ఇటూ. చేసేవి రెండు పనులు. ఒకటి, చక్కెరని అదుపులో పెట్టే ఇన్సులిన్‌ని రక్తంలోకి వదలడం. రెండు, మనం తిన్న పప్పునీ నూనెనీ మాంసాన్నీ అరిగించే రసాన్ని పేగులోకి పంపడం. ఆ రసం పేగులోకి చేరాకే పదును తేలాలి. దారిలో ఏదైనా అడ్డుపడితేనో, గ్రంథి దెబ్బతింటేనో, ఆ రసం ఉన్నచోటే పదునెక్కి సొంత గ్రంథినే అరిగించడం మొదలుపెడుతుంది. పొయ్యిలో ఉండాల్సిన నిప్పు ఇంటి కప్పుకి అంటుకున్నట్టన్న మాట.

దీనికి ముఖ్యమైన కారణాలు రెండు. ఒకటి, పిత్తాశయంలోని రాయి జారి వచ్చి రసం పోయే దారికి అడ్డుపడటం. రెండు, మద్యం. ఇవి కాక, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 1,000 దాటినా, కొన్ని రకాల మందుల వల్లా కూడా రావచ్చు. మొదటి కారణం ఎక్కువగా మన ఆడవాళ్లది. ఈస్ట్రోజన్ హార్మోను, కాన్పులు, ఒళ్లు రావడం ఇవన్నీ పిత్తాశయంలో రాళ్లకి దోవ తీస్తాయి. నెలలో పది కిలోలు తగ్గించేస్తామనే ఆదరాబాదరా డైటింగులూ అంతే. రెండో కారణం ఎక్కువగా మగవాళ్లది. కానీ దాని చాకిరీ మళ్లీ మనదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

గుర్తులు తెలుసుకోండి. పై పొట్టలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తుంది. అది వీపులోకి గుచ్చినట్టు పాకుతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకి వంగి కూర్చుంటే కొంచెం తెరిపి ఇస్తుంది. ఆగకుండా వాంతులవుతాయి. ఇది సోడాతో పోయే నొప్పి కాదు. అప్పటికప్పుడు ఆస్పత్రికి పోవాలి. రక్తంలో ఎమైలేజ్, లైపేజ్ పరీక్షలు, ఓ అల్ట్రాసౌండు చేస్తే చాలావరకు తేలిపోతుంది.

భయపడాల్సిన పని లేదు. ఇలా వచ్చిన పదిమందిలో ఎనిమిది మందికి సెలైన్లతో, నొప్పి మందులతో వారం పది రోజుల్లో నెమ్మదిస్తుంది. పూర్వం రోజుల తరబడి కడుపు మాడ్చేవాళ్లు. ఇప్పుడు ఓర్చుకోగలిగితే తొందరగానే ఆహారం మొదలుపెట్టమంటున్నారు. చిక్కంతా ఆ మిగిలిన ఇద్దరిదే. వాళ్లలో క్లోమం కొంత చచ్చుబడి, చుట్టూ నీరు చేరుతుంది.

నీరుంది అనగానే తీసేయాలా?

స్కానింగ్ రిపోర్టులో 'నీరు చేరింది' అని కనబడగానే ఇంటిల్లిపాదికీ చెమటలు పడతాయి. "ఇంకా ఎందుకు ఆలస్యం, తీసేయమనండి" అని బంధువులు డాక్టర్ మీద పడతారు. సొమ్ములు కుదువ పెట్టి మరీ పెద్దాస్పత్రికి మార్చేవాళ్లని చూశాను. కానీ ఇక్కడ తొందర పనికిరాదు.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు సెగ్గడ్డ లేస్తే ఏమనేవాళ్లు? "పచ్చిగా ఉన్నప్పుడు గిల్లకు, పక్వానికి రానీ" అని. ఇదీ దాదాపు అలాంటిదే. మొదటి వారాల్లో ఆ నీటికి ఒక గోడ ఉండదు. గట్టూ లేదు, హద్దూ లేదు. సుమారు నాలుగు వారాలకి చుట్టూ గట్టి గోడ కడుతుంది. అప్పుడే దాన్ని పొట్టకో పేగుకో కలిపి దారి చేయడానికి వీలవుతుంది. 2012లో ప్రపంచ వైద్యులు కూర్చుని సవరించుకున్న అట్లాంటా వర్గీకరణలోనూ ఈ నాలుగు వారాలే గీటురాయి. గోడ కట్టాక లోపలున్నది ఉత్త నీరైతే దానికో పేరు, కుళ్లిన కండ కూడా ఉంటే దానికో పేరు. వైద్యమూ దాన్నిబట్టే మారుతుంది.

నెదర్లాండ్స్‌లో 104 మంది రోగుల మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. చీము పట్టిందని తేలిన వెంటనే కొందరికి గొట్టం వేసి తీశారు. మిగిలిన వాళ్లకి యాంటీబయాటిక్స్ ఇస్తూ గోడ కట్టేదాకా ఆగారు. వెంటనే తీసిన వాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదు. పైగా ఆగినవాళ్లలో నూటికి 39 మందికి అసలు గొట్టమే అవసరం పడలేదు, మందులతోనే బయటపడ్డారు!

ఇంకో మాట. నొప్పి, జ్వరం, వాంతులు, కామెర్లు లాంటి బాధ ఏదీ లేకుండా, ఉత్త స్కానింగులో మాత్రమే కనబడే నీటిని చాలాసార్లు ముట్టుకోనక్కర్లేదు. దానంతటదే ఇంకిపోతుంది. సైజు పెద్దది కాబట్టి తీసేయాలన్న పాత లెక్క ఇప్పుడు చెల్లదు. అలాగని ఇంట్లో కూర్చోమని కాదు సుమా! జ్వరం తగ్గకపోయినా, అన్నం ముద్ద దిగకపోయినా, మనిషి నీరసించిపోతున్నా నాలుగు వారాలు నిండలేదని ఆగకూడదు. అప్పుడు ఏం చేయాలో తేల్చేది డాక్టరే. మనం అడగాల్సింది ఒక్కటే: "డాక్టర్‌గారూ, ఇది ఇప్పుడే తీయాల్సిన అవసరం ఏమిటి? గోడ కట్టిందా?" ఈ ప్రశ్న అడిగితే మంచి డాక్టరెవరూ విసుక్కోరు. విసుక్కుంటే ఇంకో డాక్టర్ని అడగడం తప్పు కాదు.

నోటి ద్వారా ఒక దారి

ఒకప్పుడు దీనికి పొట్టను నిలువునా కోసి కుళ్లిన కండ తీసేవాళ్లు. రోగికి అది రెండో గండం. 2010లో నెదర్లాండ్స్ నుంచే వచ్చిన ఇంకో పరీక్ష కళ్లు తెరిపించింది. 88 మందిని రెండు వర్గాలు చేసి, సగం మందికి పెద్ద ఆపరేషన్, సగం మందికి మెట్టుమెట్టుగా వైద్యం చేశారు. అంటే ముందు గొట్టం వేసి చీము తీయడం, దానికీ తగ్గకపోతేనే తర్వాతి మెట్టు. పెద్ద ఆపరేషన్ అయిన వాళ్లలో నూటికి 69 మందికి పెద్ద ఇబ్బందులో మరణమో ఎదురైతే, మెట్ల పద్ధతిలో 40 మందికే. అందులోనూ మూడోవంతు మందికి పైగా మొదటి మెట్టుతోనే సరిపోయింది.

ఆ మెట్ల దారిలోకే ఎండోస్కోపీ వచ్చింది. గొట్టం చివర ఒక చిన్న అల్ట్రాసౌండు కన్ను ఉంటుంది. మత్తిచ్చి, నోటి ద్వారా పొట్టలోకి పంపి, పొట్ట గోడ అవతల ఉన్న నీటి సంచిని ఆ కన్నుతో చూస్తారు. మధ్యలో రక్తనాళాలు లేని చోటు వెతికి, సూదితో గుచ్చి, తీగ పంపి, దారి వెడల్పు చేసి స్టెంటు నిలబెడతారు. అది రెండు గదుల మధ్య వేసిన తూము లాంటిది. అవతలి చీమూ నీరూ పొట్టలోకి జారి, పేగుల గుండా బయటకు పోతాయి. బయట కుట్లుండవు, మచ్చ ఉండదు. లోపల ఉత్త నీరే ఉంటే సన్నటి ప్లాస్టిక్ స్టెంట్లు చాలు. కుళ్లిన కండ ఉంటే వెడల్పాటి లోహపు స్టెంటు పెడతారు. అవసరమైతే దాని గుండానే గొట్టం లోపలికి పంపి శుభ్రం చేస్తారు.

ఇదేదో అమెరికా సంగతి అనుకోకండి. మన హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 205 మందికి ఇలా లోహపు స్టెంట్లు పెట్టి, 2017లో ఆ ఫలితాలు ప్రచురించారు. ప్రతి నలుగురిలో ముగ్గురికి స్టెంటుతోనే నయమైంది. మిగిలిన వాళ్లకి మెట్టుమెట్టుగా శుభ్రం చేస్తూ పోతే, మొత్తం మీద నూటికి 96 మంది పైన కోలుకున్నారు. ఆ సంస్థని నిలబెట్టిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది కూడా. మన ఊరి గొప్పని మనం చెప్పుకోవాల్సిందే.

అయితే ఇదేమీ మంత్రదండం కాదు. 205 మందిలో ఆరుగురికి స్టెంటు పెట్టే సమయంలోనే రక్తం పోయింది, ఇద్దరికి లోపల చిల్లు పడింది. నెదర్లాండ్స్‌లోనే 98 మంది మీద చేసి 2018లో వెలువరించిన పరీక్షలో, నోటి ద్వారా చేసినా బయటి నుంచి చిన్న కోతతో చేసినా ప్రాణాపాయం, పెద్ద ఇబ్బందులు దాదాపు సమానమేనని తేలింది. లాభం ఎక్కడంటే, క్లోమ రసం బయటికి కారుతూ ఉండే పీడ నోటి ద్వారా చేసిన వాళ్లలో నూటికి 5 మందికే వచ్చింది. రెండో పద్ధతిలో 32 మందికి వచ్చింది. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు కూడా తగ్గాయి. ఇల్లూ పిల్లలూ ఉన్న ఆడదానికి ఆ తగ్గిన రోజుల విలువ ఎంతో నేను చెప్పక్కర్లేదు.

స్టెంటు పెట్టారు సరే... తీసేదెవరు?

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్తాను. మా వీధిలో ఒక ఆపా ఉంది. కుట్టు మిషను మీద ఇల్లు నడిపే మనిషి. పిత్తాశయంలో రాళ్ల వల్ల ఈ జబ్బు వచ్చి, నెల్లాళ్లకి పైగా తిప్పలు పడి, నగరంలో ఒక ఆస్పత్రిలో లోహపు స్టెంటు పెట్టించుకుని ఇంటికొచ్చింది. ముద్ద దిగని మనిషి రొట్టె తినడం మొదలుపెట్టింది. ఇంట్లో పండగే.

రెండు నెలలు దాటాక ఒకరోజు ఆపాకి జ్వరం, వణుకు. ఆస్పత్రి ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది కూతురు. మొత్తం పద్దెనిమిది కాగితాలు. మందుల చీటీలు, బిల్లులు, రక్త పరీక్షలు. పదకొండో కాగితంలో, కింద నుంచి మూడో లైన్లో, ఇంగ్లీషులో, నాలుగు వారాలకి స్కాన్ చేసి స్టెంటు తీయాలని ఒక ముక్క! ఇంకెక్కడా లేదు. ఆపాకి ఎవరూ చెప్పలేదు. ఆమె భర్తకి చెప్పామని ఆస్పత్రి వాళ్లన్నారు. "చెప్పిన్రేమో, బిల్లు కట్టే గాభరాలో ఇనలే" అన్నాడాయన. ఇద్దరూ అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం.

"నొప్పి లేదు గదా టీచరమ్మా, మళ్లీ ఆ గొట్టం ఎందుకు మింగాలె? మా అన్నకి గుండెల ఏసిన స్టెంటు పదేండ్లయినా అట్లనే ఉంది గదా!" అంది ఆపా.

చూశారా! అందరూ పడే పొరపాటు ఇదే. గుండెకి వేసే స్టెంటు ఉండిపోవడానికి వేస్తారు. క్లోమం దగ్గర వేసే లోహపు స్టెంటు తీసేయడానికి వేస్తారు. పేరొకటే, తీరు వేరు. నీరు పోయాక లోపలి సంచి ముడుచుకుపోతుంది. అప్పుడు స్టెంటు అవతలి అంచు వెనకున్న రక్తనాళాలని ఒరుసుకుంటుంది. చెప్పాపెట్టకుండా రక్తం పోవచ్చు. లేదంటే పొట్ట లోపలి పొర దాని మీదకి పెరిగి కప్పేస్తుంది, తీయడం కష్టమవుతుంది. లేదంటే మూసుకుపోయి మళ్లీ చీము పడుతుంది. అమెరికాలోని ఓర్లాండోలో డాక్టర్ శ్యామ్ వరదరాజులు బృందం 60 మంది మీద చేసిన పరీక్ష 2019లో అచ్చయింది. మూడు వారాలు దాటి లోహపు స్టెంటు ఉంచిన వాళ్లలో ఇలాంటి ఇబ్బందులు కనబడటంతో వాళ్లు పరీక్ష మధ్యలోనే నిబంధన మార్చుకున్నారు. మూడు వారాలకే స్కాన్ చేసి, నీరు తగ్గితే వెంటనే తీసేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇబ్బందులు తగ్గాయి.

మా ఆపా స్టెంటు మీద సగందాకా పొర పెరిగిపోయింది. తీయడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది, ఇంకో వారం ఆస్పత్రి, ఇంకో అప్పు. మనిషి దక్కింది, అంతే చాలు. కానీ ఆ అప్పు ఎందుకు చేయాల్సి వచ్చింది? ఒక తేదీ తెలియక!

అన్ని స్టెంట్లకీ ఇదే లెక్క కాదని కూడా చెప్పాలి. క్లోమం మధ్యలో తెగిపోయి, రసం దారి తప్పిన కొంతమందికి ప్లాస్టిక్ స్టెంట్లని కావాలనే ఎక్కువ కాలం ఉంచేస్తారు. కాబట్టి "పక్కింటావిడకి తీసేశారు, నాకెందుకు తీయలేదు" అని కంగారు పడక్కర్లేదు. "నాది ఏ రకం స్టెంటు? ఉంచడానికా, తీయడానికా? తీసేదైతే ఏ తేదీకి?" అని అడిగి రాయించుకోవాలి.

మరుపు ఒక్కరిది కాదు

"చదువు రాకపోతే ఇంతే" అని తేల్చేసేవాళ్లకి నా దగ్గర జవాబుంది. మా జల్‌పల్లిలో చదువు రాని తల్లికి కూడా బిడ్డ టీకాల తేదీ తెలుసు. ఎందుకని? చేతికి ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డులో గళ్లుంటాయి. ఆశా వర్కర్ గుమ్మంలోకి వచ్చి "అమ్మా, రేపు సూది" అని గుర్తు చేస్తుంది. గ్యాస్ బండ బుక్ చేస్తే ఫోనుకి మెసేజ్ వస్తుంది. చీటీ కట్టడం ఆలస్యమైతే నాలుగు ఫోన్లొస్తాయి. మరి ఒక మనిషి పొట్టలో లోహపు తూము పెట్టి పంపినవాళ్లు ఒక్క ఫోను చేయలేరా?

"వేలమంది రోగులు, అందరికీ ఎక్కడ ఫోన్లు చేస్తాం" అంటారు. నిజమే, డాక్టర్లకి తీరిక లేదు. నేను డాక్టర్లని ఫోన్ చేయమనడం లేదు. బిల్లు బాకీ ఉంటే గుర్తుపెట్టుకునే కంప్యూటరుకి ఈ తేదీ కూడా నేర్పమంటున్నాను. "రోగి బాధ్యత కూడా ఉంటుంది కదా" అంటారు. తప్పకుండా ఉంటుంది. కానీ తెలిసినదానికే కదా బాధ్యత! తెలియని భాషలో, పదకొండో కాగితంలో దాచిపెట్టిన దానికి ఎవరు బాధ్యులు?

ఇక మన ఇళ్ల సంగతి. ఫైలు మీద రాసిన ఫోన్ నంబరు ఎవరిది? భర్తదో, కొడుకుదో, మరిదిదో. డాక్టర్ మాట్లాడేది ఎవరితో? వాళ్లతోనే. మంచం మీదున్న మనిషికి తన పొట్టలో ఏముందో చివరిగా తెలుస్తుంది, ఒక్కోసారి అసలు తెలియదు. ఇక తెలిసినా, "పిల్లాడి పరీక్షలయ్యాక వెళ్దాం", "ఆడపడుచు కూతురి పెళ్లి అయిపోనీ", "రంజాన్ వెళ్లనీ", "సంక్రాంతి వెళ్లనీ" అని వాయిదా వేసేది మనమే. నొప్పి ఉన్నప్పుడే మన ఒంటిని పట్టించుకోని వాళ్లం, నొప్పి లేనప్పుడు పట్టించుకుంటామా? జల్‌పల్లి నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా నగరం అవతలి చివరికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఒక మగతోడు కావాలి, ఆటో డబ్బులు కావాలి. ఈ మూడూ కుదిరేసరికి నాలుగు వారాలు కాస్తా పది వారాలవుతాయి.

నేను కోరేదేమిటంటే...

ఆస్పత్రుల్ని: స్టెంటు పెట్టిన ప్రతివాళ్లకీ అరచేతిలో పట్టే ఒక కార్డు ఇవ్వండి. తెలుగులో, ఉర్దూలో. ఏ రకం స్టెంటు, ఎప్పుడు పెట్టారు, ఏ తేదీన తీయాలి, ఏ నంబరుకి ఫోన్ చేయాలి అన్న నాలుగు ముక్కలు చాలు. తీసే రోజు గడువు పెట్టుకోకుండా డిశ్చార్జి చేయకండి. ఆ మాట రోగికే, ఆమె మెలకువగా ఉన్నప్పుడు చెప్పండి. తీయడానికయ్యే ఖర్చు కూడా పెట్టేటప్పుడే చెప్పేయండి.

ప్రభుత్వాన్ని: ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకి పెంచారు. సంతోషం. స్టెంటు పెట్టడం, తీయడం రెండూ ఒకే వైద్యంగా లెక్కగట్టి చూడండి. సగం దారిలో వదిలేస్తే మొదటి సగానికి పెట్టిన ఖర్చు కూడా బూడిదే. ఆశా వర్కర్ల జాబితాలో ఈ తేదీ కూడా చేరిస్తే ఇంకా మేలు, అయితే ఆ పనికి వాళ్లకి తగిన డబ్బు ఇచ్చి మరీ!

మగవాళ్లని: ఆమె ఫైలు మీద ఆమె నంబరు కూడా రాయించండి. డాక్టర్ మాట్లాడేటప్పుడు ఆమెని పక్కన కూర్చోబెట్టండి. మొదటి బిల్లు కట్టిన రోజే రెండో ప్రయాణానికి కొంత డబ్బు పక్కన పెట్టండి.

మనల్ని: గోడ మీది క్యాలెండర్లో పాలవాడి లెక్క రాస్తాం, చీటీ తేదీ రాస్తాం, పిల్లాడి ఫీజు తేదీ రాస్తాం. ఈ తేదీ కూడా ఎర్ర సిరాతో రాయండి. స్టెంటు ఉన్నన్నాళ్లూ జ్వరం, వణుకు, రక్తపు వాంతి, తారులాగా నల్లటి విరేచనం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి కనబడితే తేదీ కోసం చూడకండి. అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి పరుగెత్తండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని మొదటి రోజే అడగండి.

రాయిని మర్చిపోకండి

స్టెంటు తీశారు కదా, ఇంక గొడవ వదిలిందనుకోవద్దు. రాయి వల్ల వచ్చిన జబ్బైతే, రాళ్ల గూడైన పిత్తాశయం ఇంకా లోపలే ఉంది! జబ్బు తేలిగ్గా వచ్చి పోయినవాళ్లకి అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీసేయడం మేలని 2015లో 264 మంది మీద జరిగిన పరీక్ష చెప్పింది. ఇంటికి పంపి తర్వాత రమ్మన్న వాళ్లలో నూటికి 17 మందికి మళ్లీ రాళ్ల బాధలు ఎదురయ్యాయి, వెంటనే చేయించుకున్న వాళ్లలో 5 మందికే. నీరు చేరిన వాళ్లకి మాత్రం అది తగ్గేదాకా ఆగి చేస్తారు. అంటే ఇక్కడ ఇంకో తేదీ. అది కూడా అడిగి రాయించుకోవాల్సిందే. చిన్న కోతల ఆపరేషన్‌కి జంకి, రెండోసారి ఈ నరకంలో పడ్డవాళ్లున్నారు.

క్లోమం ఎక్కువ దెబ్బతింటే తర్వాత చక్కెర జబ్బు రావచ్చు. తిన్నది ఒంటపట్టక, విరేచనం జిడ్డుగా తేలుతూ ఉంటుంది, మనిషి చిక్కిపోతుంది. దానికి అన్నంతోపాటే వేసుకునే ఎంజైమ్ మాత్రలున్నాయి. "దిష్టి తగిలింది" అని నిమ్మకాయలు తిప్పడం కాదు, డాక్టర్‌కి చెప్పాలి. ఎప్పటికప్పుడు చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

చివరిగా, తాగుడు వల్ల ఈ జబ్బు తెచ్చుకున్న మగవాళ్ల ఇళ్ల గురించి. నెల్లాళ్లు ఆస్పత్రి వరండాలో చాప మీద పడుకునేది భార్య. పుస్తెలతాడు కుదువ పెట్టేది భార్య. అతను కోలుకుని మళ్లీ సీసా పట్టుకుంటే "నువ్వు చూసుకోవద్దూ" అనిపించుకునేదీ భార్యే! స్టెంటు నీటిని తీస్తుంది కానీ తాగుడిని తీయదు. ఆ ఒక్క మాట డాక్టర్ నోటితో, అతని అమ్మానాన్నల ముందు, స్పష్టంగా చెప్పించండి. మానడానికి మానసిక వైద్యుల సాయం అడగండి. అది అతని జబ్బు. దాని నేరాన్ని మీ నెత్తిన వేసుకోకండి.

ఎన్ని కోట్ల మిషన్లు వచ్చినా, ఎంత గొప్ప డాక్టర్లు మన ఊళ్లోనే ఉన్నా, వాళ్లు చేసిన పనిలో చివరి ముక్క మన గుమ్మంలోనే మిగిలిపోతోంది. పెట్టడానికి తొందరపడకుండా, తీయడానికి మర్చిపోకుండా ఉంటే చాలు, ఈ వైద్యం నిజంగా వరమే. ఈ ఆదివారం కాస్త తీరిక చేసుకుని, బీరువాలో రేషన్ కార్డు కింద పెట్టిన ఆ పాత ఆస్పత్రి ఫైలు బయటికి తీయండి. మీదైనా, మీ అత్తగారిదైనా, పక్కింటి వదినదైనా సరే. చదవడం రాకపోతే వచ్చినవాళ్ల చేత చదివించండి. అందులో ఎక్కడైనా 'స్టెంటు' అన్న మాట ఉంటే, దాని పక్కన తేదీ ఉందో లేదో చూడండి. లేకపోతే సోమవారం పొద్దున్నే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి. ఆ మాత్రం అడిగే హక్కు మనకి లేదంటారా?